కోర్బీనియన్ గారి రెండు వేల మీటర్లు

రెండు వేల మీటర్ల ఎత్తు ఎక్కడ వస్తుందో కోర్బీనియన్ లానర్‌కి తెలీదు. నలభై ఏళ్ళుగా గ్రాస్‌కోగెల్ శిఖరానికి మంచులో జనాన్ని స్కీ పలకల మీద ఎక్కిస్తున్న మనిషికి ఆ ఒక్కటీ తెలీదు.

తెలీకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ రెండు వేలు దాటాక కొండ మీద ఎవరూ ఎవరినీ "మీరు" అనకూడదన్నది అక్కడి ఆచారం. మిగతావాళ్ళు నవ్వుతూ పాటిస్తారు. ఆయనకది మతం. కింద ఊళ్ళో ముప్ఫై ఏళ్ళ పొరుగువాణ్ణి కూడా "మీరు" అంటాడు. తన కుక్కతో "తమరు కాస్త పక్కకి జరుగుతారా" అంటాడు. కొండ మీద రెండు వేల దగ్గర మాత్రం అందరినీ ఆపుతాడు. స్కీలు విప్పించి, కూచోబెట్టి, చెయ్యి కలిపి, ఎవరి పేరు వాళ్ళచేత చెప్పించి, పైన్ కాయల సారా తలో గుక్క పోసి, అప్పుడు "నువ్వు" మొదలుపెడతాడు. ఇరవై నిమిషాలు.

స్కీ సంఘంలో కొండ జట్టుని నడిపే వాల్‌బుర్గా ప్లాట్నర్‌కి ఒళ్ళు మండేది. పొద్దెక్కితే మంచు జావైపోతుంది.

"లానర్ గారూ, పోయిన ఆదివారం ఆ పై బండ దగ్గర కదా రెండు వేలు? ఇవాళ ఇంత కిందకెలా వచ్చింది?"

"కొండలు కదులుతుంటాయి, ప్లాట్నర్ గారూ."

"కొండ కదల్లేదు. మీ బుర్ర కదిలింది."

"అయ్యుండొచ్చు. కూర్చోండి."

ఆవిడ ఎత్తు చూపించే గడియారం కొనుక్కుంది. పళ్ళ డాక్టరుగారి భార్య వచ్చిన రోజు రెండు వేలు పంతొమ్మిది వందల పది మీటర్ల దగ్గరే వచ్చింది. రొట్టెల కొట్టు ఆయన వచ్చిన రోజు మరీ ఘోరం.

"చూడండి! పదిహేడు వందల ఎనభై!"

"మంచి గడియారం. పాపం, దానికి ఎత్తంటే భయమనుకుంటాను."

"ఆవిణ్ణి పట్టించుకోకండి లానర్ గారూ," అన్నాడు రొట్టెలాయన, మంచులో వెల్లకిలా పడుకుని. "మీ లెక్కే సరైంది."

ఆ చలికాలం వాల్‌బుర్గాకి న్యుమోనియా వచ్చింది. రెండు నెలలు మంచం దిగలేదు. లేచేసరికి స్కీ సంఘం వాళ్ళ కబురు: ఈస్టర్ లోపల శిఖరం ఎక్కగలిగితే సరే, లేకపోతే వచ్చే ఏడు నుంచి లోయ జట్టు. అంటే ఏటి పక్కన మైలు నడిచి, కేకు తిని ఇంటికొచ్చే జట్టు. ఇరవై రెండేళ్ళు కొండ జట్టుని నడిపిన మనిషికి!

ఒంటరిగా ఎక్కనివ్వరు. తోడు రావడానికి ఖాళీగా ఉన్నది లానర్ ఒక్కడే.

"దేవుడా," అంది వాల్‌బుర్గా.

తెల్లవారుతుండగా బయల్దేరారు. ఇంకా చెట్లు కూడా దాటలేదు. ముందు వెళ్తున్న లానర్ ఆగి, స్కీలు విప్పడం మొదలుపెట్టాడు.

"రెండు వేలు," అన్నాడు.

గడియారం చూసింది. పదహారు వందల పది. నాలుగొందల మీటర్లు తప్పు! చుట్టూ అడవి! ఈసారి వదలకూడదనుకుంది. అరవడానికి నోరు తెరిచింది.

అరవడానికి ఊపిరి లేదు.

మంచులోనే కూలబడింది. లానర్ ఆమె వైపు చూడటం లేదు. సీసా మూత రావట్లేదన్నట్టు తెగ తిప్పుతున్నాడు. ఆ మూతని తియ్యడానికి ఎంతసేపైనా పట్టేలా ఉంది.

రొట్టెలాయన ఎర్రగా కందిపోయిన మొహం గుర్తొచ్చింది. నల్లద్దాల వెనక డాక్టరుగారి భార్య ఏడుపు గుర్తొచ్చింది. అందరికీ రెండు వేలు సరిగ్గా ఇక అడుగు పడని చోటే వచ్చింది.

ఊపిరి కుదుటపడ్డాక ఆయన చెయ్యి చాపాడు. "కోర్బీనియన్."

"వాల్‌బుర్గా," అంది గడియారం మీదకి చేతి తొడుగు లాక్కుని.

పైకి సాగారు. ఈసారి ఆమె ముందు. శిఖరానికి కాస్త కిందికి వచ్చేసరికి వెనక లానర్ కర్రల చప్పుడు నెమ్మదించింది. డెబ్బై ఒకటి దాటిన మనిషి. తనంతట తను ఆగే రకం కాదు.

"లానర్ గారూ, ఆగండి. రెండు వేలు వచ్చింది."

"గారేంటి? నువ్వు అనుకున్నాంగా. ఇందాకే దాటాం."

"అది మీ లెక్క. మీకు ఎత్తులు తెలీవని ఊరంతా అంటుంది. కూర్చోండి."

ఆయన స్కీలు విప్పి కూర్చున్నాడు.

శిఖరం మీది శిలువని ముట్టుకునేసరికి వాళ్ళిద్దరూ రెండు వేలు నాలుగుసార్లు దాటారు.