కుంటి గౌరికి కీసర సంబంధం

నాచారం దుర్గమ్మకు ఒకటే పిచ్చి. తను సాకే జీవాల్లో దేన్ని ఎవరు అడిగినా సరే, ఆడపిల్లనిస్తున్నంత హడావిడిగా పెళ్లిచూపులు జరిపేది.

ఉప్పల్లో స్టేడియం లేస్తున్న రోజులవి. ఫ్యాక్టరీ గోడ వెనక ఆమె జాగాలో గుడ్డి బర్రె, లారీ మీంచి పడ్డ మేకలు, ఎవరో వదిలేసిన కుక్కలు, ఆ కుక్కల్ని తరిమే బాతులు ఉండేవి. మేపలేక చస్తున్నా, ఎవరికైనా ఇచ్చేస్తానని ఆమే అనేది. తీరా ఎవరైనా వస్తే, "మీ ఇంట్ల తాగేటోళ్లున్నరా? అత్తకోడళ్లు మంచిగుంటరా?" అని మొదలుపెట్టేది.

"నేనడిగింది కోడిపెట్టనమ్మా!" అని ఒకాయన మొత్తుకున్నాడు.

"అయితే ఏంది? అది ఆడపిల్ల గాదా?"

మేక కోసం వచ్చిన ఇంకొకాయన్ని మాంసం ఎప్పుడెప్పుడు తింటావని అడిగింది. ఆదివారం ఒక్కటే అన్నాడు పాపం.

"ఇయ్యాల ఏం వారం?"

"శనివారం."

"నడువ్, నడువ్!"

పక్కవీధి కమలకుమారిని మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు. రాజమండ్రి వైపు మనిషి, రిటైరైన టీచరు, కోడిగుడ్డు కూడా ముట్టదు. భర్త పోయాక గడప దాటడమే మానేసింది. ఓ రోజు కుంటి మేక గౌరి ఆమె కనకాంబరాలన్నీ మేసేస్తే, చెవి పట్టుకుని అప్పజెప్పడానికి వచ్చింది. అంతే, అప్పట్నుంచి రోజూ సాయంత్రం వస్తూనే ఉంది. గౌరంటే ఆమెకు ప్రాణం.

"గౌరిని నాకిచ్చెయ్యవే దుర్గమ్మా."

"ఇప్పుడు మూఢం టీచరమ్మా."

మూఢం పోతే అమావాస్య, అమావాస్య పోతే శూన్యమాసం. ఏడాది మొత్తం గాలించినా దుర్గమ్మకు ఒక్క మంచిరోజు దొరకలేదు.

ఇంతలో గౌరిని అడగడానికి కీసర నుంచి పోశయ్య అనే రైతు దిగాడు. పొలం ఉంది, బావి ఉంది, మెడలో తులసిమాల. అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు. గౌరి అతని కండువా నమలడం కూడా మొదలుపెట్టింది.

"సంబంధం మంచిగనే ఉన్నది," అంది దుర్గమ్మ.

బర్రెకి కుడితి పెడుతున్న కమలకుమారి గబగబా వచ్చేసింది. పెళ్లి చెడగొట్టే మేనత్తలా అందుకుంది. "దానికి కాలు కుంటండీ! పొగరు కూడా! కనబడిందల్లా తినేస్తుంది!"

"ఏం ఫికర్ లేదమ్మా, మా ఇంట్ల అందరం గట్లనే ఉంటం," అన్నాడు పోశయ్య.

కమలకుమారి ఇక ఆగలేకపోయింది. "నేనేం తక్కువయ్యానే దుర్గమ్మా? ఏడాదిగా తిప్పుతున్నావు!" కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దుర్గమ్మ గొంతు తగ్గించింది. "గౌరి మీ ఇంటికొస్తే మీరు మళ్ల తలుపేసుకొని కూసుంటరు. దీని కోసమన్న రోజు బయటికొస్తున్నరు, నలుగురితోని నవ్వుతున్నరు. గందుకే ముహూర్తం పెట్టలే."

కమలకుమారికి కోపమొచ్చింది. "నేను రాకపోతే ఆ బర్రెకి కుడితెవరు పెడతారు? నీ బాతుల తగువులెవరు తీరుస్తారు? గౌరినిచ్చినా వస్తాను, ఇవ్వకపోయినా వస్తాను!"

"గట్లయితే ఇయ్యాలనే మంచిరోజు!"

"మరి నా సంగతేంది?" అన్నాడు పోశయ్య.

"జర కూసో. దీని చెల్లె ఉన్నది."

దుర్గమ్మ గౌరికి బొట్టు పెట్టింది. ఒడి లేదు కనుక ఒడిబియ్యం మూటగట్టి మెడకు వేలాడదీసింది.

"పుట్టిల్లు మరువకు బిడ్డా, రోజు పొద్దుగూకంగ రావాలె," అంటూ గట్టిగా పట్టుకున్నది మాత్రం టీచరమ్మ చేతిని. గౌరి తల ఎత్తనేలేదు. అది గేటు దాటకముందే ఒడిబియ్యం సగం మేసేసింది.