గోడల మాస్టారి గాజుముక్కలు

మావారు గోడల పగుళ్ల మీద ఇరవై ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. మిగతా వేళంతా ఏ గోడ కనిపిస్తే దానికి ముక్కు ఆనించి నిలబడతారు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే వడ్డించేవాళ్ల మొహం చూడరు, వాళ్ల వెనక గోడ చూస్తారు. నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఆయన రాసిన వ్యాసాలు చదివేది ఆయనలాంటివాళ్లే. వాళ్లయినా పూర్తిగా చదువుతారో లేదో నాకు అనుమానమే. అలాంటి మనిషిని ఒక పత్రిక వాళ్లు మామూలు జనానికి అర్థమయ్యేలా ఆదివారం సంచికకి రాసిపెట్టమన్నారు. మొదట రాసింది చదివి, "ఏవండీ, గోడ సంగతేమో గానీ ఇది చదివితే బుర్ర బీటలు వారేలా ఉంది" అన్నాను. అలిగారు. అలిగి, మళ్లీ రాశారు. ఈసారి భలే కుదిరింది. వెంట్రుకలా సన్నగా ఉండే పగులు పైపూతది, దానికి బెంగ అక్కర్లేదు. ఏటవాలుగా పాకి ఒక కొస వెడల్పయ్యే పగులుని మాత్రం కనిపెట్టి ఉండాలి. దాని మీద అడ్డంగా ఓ సన్నని గాజుముక్క గట్టిగా అంటిస్తే, గోడ కదిలినప్పుడు గాజు విరుగుతుంది. ఇంతే సంగతి.

ఆదివారం అది అచ్చయింది. సోమవారానికల్లా మా భవనంలో గాజుముక్క అంటించని గోడ లేదు. ఎందుకైనా మంచిదని పగులు లేనిచోట కూడా అంటించారు. తలుపు ధడేల్మని వేస్తే ఒకరిది రాలింది, పిల్లల బంతి తగిలి ఇంకొకరిది. రాలిన ప్రతిసారీ మా కాలింగ్ బెల్ మోగేది. ఫోన్లలో పగుళ్ల ఫోటోలు పట్టుకుని గుమ్మం నిండా జనం. "మాస్టారూ, పడుతుందా, పడదా? ఒక్క ముక్క చెప్పండి." ఆ ఒక్క ముక్కే ఆయనకు రాదు. "కారణాలు చాలా ఉంటాయండీ, కొన్నాళ్లు కొలిస్తే గానీ..." అని నసిగేవారు. వాళ్లు వెళ్లాక హాల్లో కాలుకాలిన పిల్లిలా తిరిగేవారు. "ఎందుకు రాశానా" అనేవారు. అంతలోనే "రాయకపోతే ఎలా" అనేవారు. కంచం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవారు, ముద్ద నోట్లోకి వెళ్లేది కాదు. నాకూ చిరాకే, ఆయన మీద, ఆ పత్రిక మీద, అసలు గాజు కనిపెట్టినవాడి మీద.

ఓ రోజు మా భవనం సంఘం సెక్రటరీ గారు మెట్ల మీద ఆయన్ని పట్టుకున్నారు. "మీ పుణ్యమా అని అందరికీ వణుకు పట్టుకుంది. ఖచ్చితంగా తెలిస్తే చెప్పండి, లేదంటే నోరు మూసుకోండి. తెలిసీ తెలియక భవనం పరువు తియ్యకండి." మావారు తలూపి వచ్చేశారు. ఆ మాట ఆయన్ని తొలిచేసింది. ఖచ్చితంగా తెలియనిది చెప్పకూడదనే కదా ఆయన చదువు నేర్పింది.

శుక్రవారం సాయంత్రం కింది వాటాలో ఉండే నర్సు, కూతుర్ని చంకనేసుకుని పరుగున వచ్చింది. భవనం కట్టిన చాలాకాలానికి వెనకవైపు అతికించిన గదిలో ఉంటారు వాళ్లిద్దరూ. ఏటవాలు పగులున్నది ఆ గది గోడ ఒక్కదానికే. దానికి మావారే స్వయంగా గాజు అంటించి వచ్చారు.

"అన్నయ్యగారూ, గాజు విరిగింది. పొద్దున తాళం వేసి వెళ్లాం, ఇప్పుడే వచ్చాం. లోపల నరపురుగు లేదు."

ఆయన మొహం పాలిపోయింది. "జిగురు ఆరి బిగుసుకోవడం వల్ల కూడా విరగొచ్చమ్మా. ఇంకో ముక్క అంటించి, రెండు వారాలు చూసి..."

"పాప మంచం ఆ గోడకే ఆనుకుని ఉంది అన్నయ్యగారూ. దీన్ని ఇవాళ అక్కడ పడుకోబెట్టనా, వద్దా?"

చెప్పవయ్యా మహానుభావా, ఈ ఒక్కసారికి చెప్పు, అని లోపల తిట్టుకుంటున్నాను. ఆయన పాప వంక చూశారు. చెప్పులైనా వేసుకోకుండా గబగబా మెట్లు దిగారు. వెనకే మేము.

గాజు నిజంగానే రెండు ముక్కలైంది, మధ్యలో సందు. ఆయన కొలవలేదు. జేబులో టేపు ఉంది, తీయలేదు. మంచం మీది బొమ్మలన్నీ నా చేతుల్లో కుమ్మరించి, మంచం ఒక కొస ఎత్తారు. "మీరిద్దరూ మా ఇంటికి పదండమ్మా. ఈ గోడ సంగతి తేలేదాకా గదిలోకి రావద్దు."

అలికిడికి సెక్రటరీ గారు దిగివచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఏంటి మాస్టారూ ఇది? అందరూ చూస్తున్నారు. పడుతుందని ఖచ్చితంగా చెప్పగలరా?"

"చెప్పలేనండీ," అన్నారు మావారు. "పడదని కూడా చెప్పలేను. అందుకే తీస్తున్నా. జరగండి."

మా కాపురం మొత్తంలో ఆయన ఒకర్ని జరగమనడం నేను వినలేదు. సెక్రటరీ గారు జరిగారు. నేను బొమ్మలు పాపకిచ్చి మంచం రెండో కొస పట్టుకున్నాను.

మా హాల్లో మంచం దింపి ఆయాసపడుతుంటే, సరిగ్గా మా పైన, సెక్రటరీ గారింట్లో, ఇంకో మంచం గోడ నుంచి ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.