పసరుకి వెళ్లే బస్సు

నిద్ర లేచేసరికి నా మూతి ఒక పక్కకు జారిపోయింది. గాలి సోకిందన్నారు ఇంట్లోవాళ్లు. పసరు వేయించుకుందామని మర్నాడు గాజువాకలో పెందుర్తి బస్సెక్కాను. పక్క సీటాయన నన్ను చూసి మాస్కు తీశాడు. ఆయన మూతీ అంతే. కిటికీ గాలి కొట్టకుండా, మూతపడని కంటిరెప్పను వేలితో కిందికి లాగి పట్టుకున్నాడు.

"నానూ పసరుకే ఎల్లేను బావా. నెల్రోజులు అదే రాసేను. మూడ్రోజుల్లో వొచ్చుంటే మందులకి లొంగేదన్నాడు డాక్టరు. నువ్వు పెద్దాసుపత్రికి ఎల్లిపో."

ఫోనులో ఏడాది పాపను చూపించాడు.

"ఇదయ్యాక పుట్టింది. నా మొకం సూసే నవ్వడం నేర్సుకుంది."

పాప ఒక పక్కకే నవ్వుతోంది.

తర్వాతి స్టాపులోనే దిగి ఆసుపత్రికి వెళ్లాను. నా నవ్వు తిరిగొచ్చింది. అద్దంలో అది నిండుగా కనిపించిన రోజు, ఆ పాప గుర్తొచ్చి ముఖం తిప్పుకున్నాను.