ఒడ్డు మీద పంచిన సినిమా

సినిమా తీయడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అందరూ చెబుతారు. తీశాక తిరిగి ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే మాత్రం చాయ్ తెప్పిస్తారు. పెద్ద నిర్మాతల అండ లేని సినిమాలు ఏ పద్ధతిలో బతకగలవో పరిశోధిస్తూ ఏడాదిగా అలాంటి చాయ్‌లు చాలానే తాగాను. ఆ సమయంలోనే శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్లు, చేపలు పంచుకునే పద్ధతిలోనే ఒక సినిమా తీశారని విన్నాను. ఎవరికీ జీతాల్లేవు, అందరికీ వాటాలే. దర్శకుడికి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నాడు. ఎట్టకేలకు ఒక దారి దొరికిందని సంబరపడి బయల్దేరాను.

ఉదయం ఎనిమిది దాటాక సికింద్రాబాద్‌లో మేడ్చల్ లోకల్ రైలు ఎక్కాను. టికెట్టు చాలా చవక, కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. అల్వాల్‌లో ఎక్కిన పెద్దాయన టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఏం పని మీద పోతున్నానో అడిగాడు. చెప్పాను.

"సినిమాలకు పైసలెట్ల మిగులుతయని సూస్తున్నవా? మంచిగనే ఉన్నది నీ పని," అని కిటికీ వైపు తిరిగాడు. నవ్వాను గానీ కొంచెం గుచ్చుకుంది.

మేడ్చల్‌లో దిగి రోడ్డు పక్కన బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లలా ఉంది. అక్కడి నుంచి షేర్ ఆటోలో అత్వెల్లి. దర్శకుడు మల్లేశం ఉండేది అక్కడే, పంక్చర్ దుకాణం పైన ఒంటి గదిలో. పుట్టింది శామీర్‌పేటలో, చేపలు పట్టే ఇంట్లో. సినిమా ఎడిటింగ్ అంతా ఈ గదిలోనే, కింద లారీల మోత మధ్యే చేశాడు. కూర్చోగానే ఎంతకు అమ్మారని అడిగాను.

"అమ్ముడు పోలే మేడమ్. ఇగ పోదు గూడ."

ఎందుకో చెప్పాడు. చెరువులో పట్టిన చేపల్ని వాళ్లు ఒడ్డు మీదే కుప్పలు పోసి పంచుకోవాలి. వలకు ఒక కుప్ప, పడవకు ఒక కుప్ప, చెయ్యి వేసిన ప్రతి మనిషికీ ఒక కుప్ప. పంచకుండా ఇంటికి పట్టుకుపోతే దొంగతనం కిందే లెక్క. సినిమాలోనూ కెమెరాకు వల లాగే వాటా పెట్టారు. అది పూర్తయిన రోజు అందరూ ఒడ్డుకు వచ్చి, మా వాటా ఏదని అడిగారు.

"పైసలొచ్చినంకనే పంచాలెనని నాకు తెల్వదా మేడమ్? కని అందరు సంచులు వట్టుకొని కూసున్నరు. ఉత్త చేతుల్తోని ఎట్ల తోలాలె? సినిమానే పెన్‌డ్రైవ్‌లల్ల ఎక్కిచ్చి తలా ఒకటి ఇచ్చిన."

ఇంటికొచ్చిన చేపను పక్కింటికి పెట్టినట్టే, వాళ్లు సినిమాను చుట్టాల ఫోన్లకు పంపారు. అది అల్వాల్, పేట్ బషీరాబాద్ దాకా పాకింది. కొందామని వచ్చిన కంపెనీ, ఇప్పటికే ఇంతమంది చూసింది మాకెందుకని వెనక్కి పోయింది. నాకు ఒళ్లు మండింది. వాళ్లకు ఈ సంగతి చెప్పారా అంటే తల అడ్డంగా ఊపాడు.

"మీరు చెప్తె ఇంటరని రమ్మన్న మేడమ్."

నన్ను పిలిచింది ఇందుకన్నమాట! అప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది. కానీ అతని బండెక్కి మధ్యాహ్నానికి శామీర్‌పేట చేరాను.

చెరువు దగ్గర బాలమణి ఇంట్లో భోజనం. యాభై దాటిన మనిషి, మల్లేశానికి చిన్నమ్మ వరస. సినిమాలో తల్లి వేషం ఆమెదే. చివరి సన్నివేశంలో తగలబడే పడవ కూడా ఆమెదే. నిజంగానే తగలబెట్టారు. అందుకు బదులుగా ఆమెకు అందరికన్నా ఎక్కువ వాటా రాశారు. అప్పటి నుంచి ఆమె పక్కవాళ్ల పడవలో పోతోంది. పడవ కుప్ప వాళ్లదే, ఈమెకు చేతి కుప్ప ఒక్కటే. సినిమా అమ్ముడుపోతే కొత్త పడవ కొనాలని చూస్తోంది.

"కంపెనీ నుంచి వచ్చిన్రా మేడమ్?" అంది, నా కంచంలో చేపల పులుసు పోస్తూ. "జల్దీ కొనుర్రి. వానలు పడితె చెరువు నిండుతది, గప్పటికి పడవ గావాలె. నేను గూడ మస్తు మందికి పంపిన. నలుగురు సూస్తెనే గద గిరాకి!"

మల్లేశం నా వైపు చూశాడు. మీరే చెప్పండి, నేను చెప్పను అన్నాను అతనితో, ఆమె ముందే. అతను కంచంలోకి చూస్తూ చెప్పాడు.

ఆమె గరిటెను పులుసు గిన్నెలో పెట్టేసింది.

"అందరి తాన ఉన్నదని కొంటలేరా?"

"అవు చిన్నమ్మా."

"మరి అందరి తాన తీపిస్తె?"

మేం జవాబు చెప్పేలోపే చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది. "అక్కా, గా సినిమా నీ ఫోన్ల ఉన్నది సూడు, తీసెయ్యి. పిల్లల ఫోన్లల్ల గూడ తీపియ్యి. ఎందుకో తర్వాత చెప్త." ఇంకొకరికి. మరొకరికి. అది పని చెయ్యదని మల్లేశం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్‌కు నేరుగా సిటీ బస్సు ఉంది. ఎవరైనా వెళ్తే తిరుగు రైలు కోసం మళ్లీ మేడ్చల్ దాకా పోనక్కర్లేదు. సాయంత్రం రద్దీలో నిలబడే వచ్చాను. ఈ పద్ధతిలో సినిమా తీయవచ్చు, చక్కగా తీయవచ్చు. అప్పు పుట్టదు, అలకలుండవు, ఊరంతా తమదనుకుంటుంది. తమదనుకున్నారు కాబట్టే పంచిపెట్టారు, పంచిపెట్టారు కాబట్టే పోగొట్టుకున్నారు. దీన్ని నా నివేదికలో ఎలా రాయాలో తోచలేదు.

అల్వాల్ దాటుతుండగా ఫోన్ మోగింది. బాలమణి, మల్లేశం దగ్గర నంబరు తీసుకుందట.

"మేడమ్, అందరితోని తీపిచ్చిన. మా వియ్యపురాలు ఒక్కతే ఫోన్ ఎత్తుతలేదు. పొద్దుగాల వాళ్లింటికే పోయి తీపిస్త. ఇగ ఎవ్వల తాన లేదని గా కంపెనోళ్లకు నువ్వే చెప్పు."

చెబుతానన్నాను.

"సల్లగుండు బిడ్డా," అని ఫోన్ పెట్టేసింది.