థర్మకోల్ తలలు

ఒహాయోలో తన ఇంటి నేలమాళిగలోకి వెర్లిన్ తెల్లటి చేతితొడుగులు లేకుండా అడుగు పెట్టడు. అక్కడ అద్దాల బీరువాల్లో, థర్మకోల్ తలల మీద, పాత జర్మన్ సైనికాధికారుల టోపీలు కొలువుతీరి ఉంటాయి. రోజూ ఆయన ఒక్కొక్క టోపీనీ రెండు చేతులా ఎత్తి, నల్లటి అంచు మీది దుమ్మును మెత్తటి కుంచెతో దులుపుతాడు. లోపలి తోలుపట్టీని వాసన చూసి, అసలైనదేనని మరోసారి నమ్మి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు తిరిగి పెడతాడు. యుద్ధం ఓడిన ఆ దొరలకు బతికున్నప్పుడు కూడా ఇంత మర్యాద జరిగి ఉండదు. ఆ టోపీలను తలకు పెట్టుకోవడం మాత్రం మహాపాపం. చెమట తగిలితే తోలు పాడైపోతుంది.

భార్య లోర్నాకు కాన్సర్ మందులతో జుట్టంతా రాలిపోయింది. కొత్తగా కొన్న విగ్గు నలగకుండా పెట్టుకోవడానికి ఒక థర్మకోల్ తల ఇమ్మని ఆమె అడిగింది. "ఒక్కటీ ఖాళీ లేదు లోర్నా, నువ్వే చూస్తున్నావుగా," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ. విగ్గు వంటింటి తలుపు పిడికి వేలాడింది.

ఒక ఆదివారం ఆయన కిందికి దిగేసరికి నడిమి బీరువాలోని తల మీద విగ్గు ఉంది. ఎదురుగా కుర్చీలో లోర్నా కూర్చుని ఉంది. ఆమె నున్నటి తల మీద కల్నల్ గారి టోపీ ఉంది.

"ఎలా ఉన్నానయ్యా? కనీసం ఇప్పుడైనా నా తలవంక చూస్తావా?"

ఆయన చూశాడు. దగ్గరికి వచ్చి, టోపీని రెండు చేతులా మెల్లగా ఎత్తాడు. దీపం కిందికి తీసుకెళ్లి తోలుపట్టీని చుట్టూ తిప్పి తిప్పి పరీక్షించాడు.

"బతికాం," అన్నాడు. "ఒక్క వెంట్రుక కూడా అంటుకోలేదు."