ఎముకల్లో పాట, చెవుల్లో ఊరు

మునగడానికి నీళ్లే అక్కర్లేదు. జనగామలో ఒక పొద్దున నేను గట్టు మీద కూర్చుని, చెప్పులు తొడుక్కుంటూ మునిగిపోయాను. ఎట్లాగో చెబుతాను, నవ్వండి. నవ్వడానికే చెబుతున్నాను. చివర్లో మీ నవ్వు గొంతులోనే ఆగితే మాత్రం నన్ననొద్దు.

నలభై దాటగానే నా మోకాళ్లు మొరాయించాయి. "నడక బంద్ పెట్టి ఈత కొట్టమ్మా" అన్నాడు డాక్టరు. మా తల్లిగారిది నర్మెట్ట. చిన్నప్పుడు వీపుకు డబ్బా కట్టి బాపు బావిలోకి తోసేస్తే తేలినదాన్ని, నాకు ఈత కొత్తా? ఊరి బయట కొత్తగా కట్టిన స్విమ్మింగ్ పూల్‌లో పొద్దుటి ఆడవాళ్ల బ్యాచీలో చేరాను. తన ఎరువుల దుకాణం తెరిచేలోపు మా ఆయనే బండి మీద దింపి, ఇనుప జాలీ అవతల చాయ్ తాగుతూ కూర్చునేవాడు.

నెల తిరగకముందే కోచ్ మేడం నా పక్కకొచ్చింది. "అక్కా, నువ్వు సర్కారు టీచర్వి గదా? ఉద్యోగుల పోటీలకు హన్మకొండల సెలక్షన్లున్నయ్. గిట్లనే కొడితే నీ పేరు రాస్త."

ఎన్నో ఏళ్లుగా పిల్లల పేర్లు ఆటల పోటీలకు రాసి పంపినదాన్ని. నా పేరు ఒకరు రాస్తామనడం అదే మొదటిసారి. నాకెంత ఆశ పుట్టిందో చెప్పుకుంటే సిగ్గుచేటు.

అయితే గట్టు మీద ఒక బల్ల ఉంది. ఆ బల్ల మీద, పిల్లలను ఈతకు తెచ్చిన తల్లులు ఉన్నారు. వాళ్లకు పొద్దుటి టిఫిను నేనే.

"గీమెను సూడుండ్రి, ఇంటర్ సదివే బిడ్డను ఇంట్ల పెట్టుకొని గీ బట్టలేంది?"

"దుంకితే సగం నీళ్లు బయటనే పడ్తున్నయ్."

అన్నీ గుసగుసలే, సగమే వినిపించేవి. మిగతా సగం మనమే కల్పించుకుంటాం కదా, నా చేతులు లయ తప్పేవి. ఇంటికొచ్చి ఏడిస్తే మా ఆయన ఓదార్చాడు. "మంది మాటలు చెవిన పెట్టకు. పాటలు పెట్టుకొని కొట్టు. మంచిది జూసుకో, నేను కొనిస్త." ఎంత మంచివాడో చూశారా!

ఇక నేను అన్నం కంటే ఎక్కువ వీడియోలు మింగాను. చెమటకు తట్టుకునేది వేరు, నీళ్లలో మునిగినా తట్టుకునేది వేరని నేర్చుకున్నాను. నీళ్లలోపల బ్లూటూత్ పనిచేయదని, పాటలు యంత్రంలోనే నింపుకోవాలని నేర్చుకున్నాను. ఆఖరికి బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ల దగ్గర ఆగాను. అవి చెవిలో దూర్చేవి కావు. చెవి ముందు ఎముకకు ఆనించుకుంటే పాట ఎముకలోంచి లోపలికి పోతుంది.

మా బడి లెక్కల సారుకు అనుమానం వచ్చింది. "మరి చెవులు ఖాళీగనే ఉంటయ్ గద మేడం?"

"పాట బొక్కలకెళ్లి పోయినంక చెవులతోని పనేంది సార్? అవి బందే ఇగ!"

నేను చెప్పేది సాంఘికశాస్త్రం, సైన్సు కాదు. పాఠకులు దయచేసి గమనించాలి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు వీడియోలు చూస్తేనే పోయింది.

తొలిరోజు దాన్ని తలకు పెట్టుకుని, కొత్త నగ పెట్టుకున్నంత సంబరంగా దిగాను. తల నీళ్లలో ఉన్నంతసేపు స్వర్గమే. తల పైకెత్తి గోడ పట్టుకున్నానో లేదో, పాట పాటే, మాట మాటే! రెండూ శుభ్రంగా వినిపిస్తున్నాయి. ఆ యంత్రం గొప్పతనమే అదట! రోడ్డు మీద పరుగెత్తేవాళ్లకు వెనక వచ్చే లారీ హారను వినపడాలని చెవులు తెరిచే ఉంచుతుందట. ప్రతి వీడియోలో మొదట చెప్పే ముక్క అదే. మొదటి ముక్కలన్నీ నేను దాటేసి చూశాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఇన్నాళ్లూ గుసగుసలాడిన బల్లకు నా యంత్రం చూడగానే ధైర్యం వచ్చింది.

"అగో, చెవులకేందో పెట్టుకున్నది."

"అయితే వినబడది. గట్టిగనే చెప్పు."

గట్టిగానే చెప్పుకున్నారు. నా నడుము గురించి, నా జీతం గురించి, "అత్త సచ్చి ఏడాది తిరగలే, గీ సోకులేంది" అని నా మర్యాద గురించి. ఒకావిడైతే దగ్గరికొచ్చి, మంచిగున్నవా అని చేతులు తిప్పి సైగ చేసింది. నేనూ చేతులు తిప్పాను. ఇంకేం చేస్తాను?

"ఎట్లున్నది? మంది మాటలు వినబడ్తున్నయా?" అని అడిగాడు మా ఆయన.

"ఒక్కటి వినబడితే ఒట్టు" అన్నాను. అంత వెతికి వెతికి తిట్లు కొనుక్కున్నానని ఏ మొహంతో చెప్పేది? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఒక్క మేలు మాత్రం జరిగింది. రోజూ పూర్తిగా వింటే ఆ తిట్లలో పస లేదని తెలిసిపోయింది. విసుగొచ్చి వినడం మానేశాను, ఈత బాగుపడింది.

పేర్లు రాసే రోజు నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి మా ఆయన మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "మేడం ఇప్పుడే చెప్పింది. నీ పేరు లేదట. వయసు పిల్లలను తోల్తదట. పోనీ తియ్."

నాకు మేడం మొహం చూడబుద్ధి కాలేదు. ఎదురొస్తే యంత్రం సర్దుకుంటూ ఎటో చూసేదాన్ని. సెలక్షన్ల ఆదివారం ఆడబిడ్డ వాళ్లొస్తే కోడికూర వండిపెట్టాను.

మరునాడు ఈత ముగించి చెప్పులు తొడుక్కుంటున్నాను. జాలీ దగ్గర కోచ్ మేడం మా ఆయనను ఆపింది.

"ఏందన్నా, పేరు రాస్తనంటే అక్కకిష్టం లేదంటివి. నిన్న హన్మకొండల జూసిన, అక్క కొట్టినట్టు ఒక్కరు గూడ కొట్టలే. ఆమెనే అడుగుదామంటే చెవులకు గది పెట్టుకొని ఇటు చూడనే చూడది."

మా ఆయన నావైపు చూశాడు. యంత్రం చూశాడు. నిమ్మళపడ్డాడు.

"నిజం జెప్పాల్నంటే మేడం, ఆమెకిష్టమే. నాకే ఇష్టం లేదు. పేపర్ల ఫోటో పడ్తది. నలుగురి ముందట నా పెండ్లాం తడి బట్టలతోని నిలబడుడు నాకు నచ్చది. ఇక్కడ కొట్టుకుంటున్నది గద, సాలదా? జర ఆమెకు జెప్పకుండ్రి."

ఎముకలో పాట మోగుతూనే ఉంది. ఏ పాటో గుర్తులేదు. బల్ల మీది ఆడవాళ్లు అన్నదంతా కలిపినా నాకింత నొప్పి కాలేదు.

బండి దగ్గరికి వెళ్లాను. మా ఆయన నవ్వుతూ, పాటలెట్లున్నయని వేళ్లు తిప్పి సైగ చేశాడు.

"మస్తున్నయ్" అన్నాను. "మాట మాట వినబడ్తున్నది. 'నలుగురి ముందట నా పెండ్లాం తడి బట్టలతోని నిలబడుడు నాకు నచ్చది' అన్న కాడ ఇంక సాఫ్ వినబడ్డది."

తాళంచెవి అతని చేతిలోనే ఆగిపోయింది. తప్పయిందంటాడని చూశాను, పిచ్చిదాన్ని. అతను నా యంత్రం వైపు వేలు చూపించాడు.

"అంటే... గది పెట్టుకున్నా వినబడ్తదా?"

"మొదటి రోజు కాన్నుంచి."

"మరి అప్పుడే వాపస్ చెయ్యకపోయినవా?"

మరుసటి ఏడు నా పేరు నేనే వెళ్లి రాసిచ్చాను. సెలక్ట్ కాలేదు. ఆ ఏడు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు నాకంటే వేగంగా కొట్టారు.

కనుక స్విమ్మింగ్ పూల్ నీళ్ల సాక్షిగా, నా చెవి ముందు ఎముక సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. చెవులు మూసే వస్తువు కోసం ఈ జన్మలో మళ్లీ వెతకను. మా ఆయన ఏ కబురు మోసుకొచ్చినా, ఆ చెప్పిన మనిషిని నేనే వెళ్లి అడగనిదే కన్నీళ్లు పెట్టను.