ఇంగ్లీషు అక్షరాల చాటున

మా బేతంచెర్ల జూనియర్ కాలేజీ ఆడపిల్లల కబడ్డీ జట్టుకు జెర్సీలు వచ్చినప్పుడు, వీపు మీద పేర్లు తెలుగులో వేయించాలా ఇంగ్లీషులోనా అని పెద్ద పంచాయితీ జరిగింది. ఇంగ్లీషు కోసం అందరికంటే ఎక్కువ గొంతు చించుకున్నది నేనే. నాకేదో ఆ భాష మీద ప్రేమ అనుకునేరు. ఆ పేపర్లో నాకు మార్కులు ముప్ఫై ఆరు దాటిన పాపాన పోలేదు.

అసలు సంగతి మా నాయన. మాది కిరాణా అంగడి. పొద్దున్నే పేపరు వస్తే టెండరు ప్రకటనలతో సహా ఒక్క ముక్క వదలకుండా చదివి, చదివాక దాన్నే చించి శనగపప్పు పొట్లాలు కడతాడు. ఇంగ్లీషు మాత్రం ఒక్క అక్షరం రాదు. టెన్త్‌లో నేను కబడ్డీ ఆడి మోకాలు చీల్చుకుని వచ్చిన రోజు, "ఇంగోసారి ఆ కూత పెట్టినావని తెలిస్తే కాలేజీ లేదు ఏం లేదు, ఈడ కూచోని చింతపండు గింజలు తీస్తా ఉండు" అన్నాడు. అన్నాడంటే చేసే మనిషి. అందుకే ఇంటర్లో నేను ఇంట్లో చెప్పేది స్పెషల్ క్లాసులు, గ్రౌండులో పెట్టేది కూత.

జెర్సీలు ఇప్పించింది బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ఓనరు. ఆయనకు తెలుగే కావాలట. తన లోడింగ్ మనుషులు చూడటానికి వస్తారు, వాళ్లు చదువుకోవద్దా అని మా పీడీ సారుకు చెప్పి పంపాడు. మా కెప్టెన్‌దీ అదే పాట. "మా ఇంట్లో అందురూ తెలుగే సదువుతారు మే. మన పేర్లు మనోళ్లు సదువుకోవద్దా?"

చదివితేనే కదా తల్లీ నా కొంప మునిగేది! ఆ మాట పైకి అనలేక నోటికొచ్చిందల్లా వాగాను. టీవీలో క్రికెటోళ్ల వీపుల మీద ఉండేది ఏ అక్షరాలు? చెమటకు ఒత్తులూ కొమ్ములూ కారిపోతే ఒకరి పేరు ఇంకొకరికి అంటుకోదా? జిల్లా పోటీలకు పోతే నంద్యాల వాళ్లు నవ్వరా? 'రేపు ఇండియాకు ఆడితే' అని కూడా అన్నాను, సిగ్గు లేకుండా. నంద్యాలలో ఆడటానికే దిక్కు లేదు! పీడీ సారు తల పట్టుకుని చేతులెత్తించాడు. ఒక్క చెయ్యి తేడాతో ఇంగ్లీషు గెలిచింది. ఆ ఒక్క చెయ్యికి నేను వారం రోజులు మా అంగడి చిక్కీలు మేపాను.

తీరా చూస్తే నంద్యాలలో మేమే గెలిచాం. మర్నాడు పేపర్లో ఫోటో! ముగ్గురు నా కాళ్లు పట్టుకుని వేలాడుతుంటే గీత వైపు పాకుతున్నాను. మొహం మట్టిలో ఉంది, వీపు మాత్రం ఆకాశంలో, పేరుతో సహా. కింద రాసింది 'నంద్యాల కబడ్డీ పోటీల్లో ఓ దృశ్యం' అని మాత్రమే. నాయన ఆ పేజీ తెరిచాడు. కాసేపు చూసి తిప్పేశాడు. హమ్మయ్య! ఇంగ్లీషుకు మనసులోనే దండం పెట్టుకుని, మధ్యాహ్నం ఆ పేజీలోనే ఎవరికో ఎండుమిరపకాయలు కట్టిచ్చాను.

సాయంత్రం బస్టాండు వైపు వెళ్లిన నాయన అదే పేపరు ఇంకొకటి పట్టుకుని వచ్చాడు.

"మందులంగడి ఆయప్ప పిలిచి, 'ఏమప్పా, నీ బిడ్డ పేపర్లో పడింటే ఒక్క మాట చెప్పకపోతివే' అన్న్యాడు" అన్నాడు. "పొద్దున చూసినా ఆ బొమ్మ. ఎవురి బిడ్డో గానీ శానా గట్టిది, ముగ్గుర్ని ఈడ్సుకోని పోతాండాది అనుకున్యా. నా బిడ్డ పేరు నా చేతిలోనే ఉండె మే. ఇంగొకడు సదివి చెప్పాల్సొచ్చె. తెలుగులో ఏపిచ్చింటే నీ సొమ్మేం పోయేది?"

చదువు మాన్పిస్తాడనుకుంటూ నిలబడ్డదాన్ని, ఆ మాటకు భోరుమన్నాను. నిజంగా మాన్పించినా అంత ఏడ్చేదాన్ని కాదు. నాయన నా ఏడుపు పట్టించుకోలేదు. పేపరు తక్కెడ పక్కన పరిచి, నా చెయ్యి లాగి ఆ వీపు మీద పెట్టాడు.

"యాడ మొదులు? ఒక్కొక్క అక్షరం సూపీ."